ఆగిరిపల్లి నుంచి రక్షణ శాఖ దాకా – ఆచార్య సూరి భగవంతం

హైదరాబాదులో పోస్టింగ్ చేసిన మనవాళ్లలో కంచన్‌బాగ్ రోడ్డు తెలియనివారు ఉండరు. ఒక గేటు దాటితే ఇంకో గేటు. డి.ఆర్.డి.ఎల్., డి.ఎం.ఆర్.ఎల్., కాస్త పక్కకు వెళ్తే చాంద్రాయణగుట్ట దగ్గర డి.ఎల్.ఆర్.ఎల్. ఈ పేర్లు వినగానే మనకు ముందుగా గుర్తొచ్చేది డాక్టర్ అబ్దుల్ కలాం గారు. రావలసిందే. అయితే 1982లో కలాం గారు డి.ఆర్.డి.ఎల్. డైరెక్టరుగా వచ్చేనాటికే ఆ లాబొరేటరీ హైదరాబాదు చేరి ఇరవై ఏళ్లయింది. ఈ మూడు సంస్థలూ భాగ్యనగరంలో కాలుపెట్టిన రోజుల్లో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా, డి.ఆర్.డి.ఓ. అధిపతిగా ఢిల్లీలో కూర్చున్నది ఒక తెలుగు ప్రొఫెసరు. ఆయనే ఆచార్య సూరి భగవంతం గారు.

మన సంఘంలో పెద్దలు కొందరికి ఆయన పేరు తెలుసు. కుర్రవాళ్లలో చాలామందికి తెలియదు. తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. ఆయన వేసిన విత్తనాల పంట వేరేవాళ్ల హయాంలో చేతికొచ్చింది. రక్షణ రంగంలో శాస్త్రవేత్త బతుకు చాలావరకు ఇంతే. అందుకే ఈ సంచికలో ఆయన జీవితాన్ని ఒకసారి మొదటినుంచి చెప్పుకుందాం.

కొండ కింద ఊరు, కలకత్తా లాబొరేటరీ

భగవంతం గారు 1909 అక్టోబరు 14న అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. శోభనాచలం కొండ కింద ఉండే ఊరు అది. గుడివాడలో చదువుకుని, పై చదువుకు హైదరాబాదు నిజాం కాలేజీకి వెళ్లారు. నిజాం రాజ్యంలో ఉన్నా ఆ కాలేజీ అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేది. కనుక బి.ఎస్‌సి. పట్టా మద్రాసుది.

1928లో కలకత్తాలో సి.వి. రామన్ గారు కాంతి మీద చేసిన పరిశోధన దేశమంతా మారుమోగింది. అదే ఏడు ఈ పంతొమ్మిదేళ్ల కుర్రవాడు రైలెక్కి కలకత్తా చేరాడు. బౌబజార్ వీధిలో ఉన్న ఇండియన్ అసోసియేషన్ లాబొరేటరీలో రామన్ గారి దగ్గర శిష్యరికం మొదలుపెట్టాడు. గురువుగారు మామూలు మనిషి కాదు. పని విషయంలో కనికరం లేదు. ఆ చేతికింద నిలబడ్డవాడు ఎక్కడైనా నిలబడతాడు.

భగవంతం గారు నిలబడ్డారు. 1931లో గురుశిష్యులిద్దరూ కలిసి కాంతికణానికి, అంటే ఫోటానుకు, స్పిన్ అనే గుణం ఉందని ప్రయోగంతో చూపుతూ ఒక పత్రం ప్రచురించారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఒకటో, ఇరవై రెండో. వజ్రం మీద కాంతి పడితే ఏమవుతుందనేది కూడా ఆ రోజుల్లోనే పరిశీలించారు.

దీనికీ సైన్యానికీ ఏం సంబంధం అని అడగవచ్చు. ఆ రోజున ఏ సంబంధమూ లేదు. కానీ ఇవాళ అనుమానాస్పదమైన పొడి ఏదైనా దొరికితే అది పేలుడు పదార్థమా, మామూలు రసాయనమా అని ముట్టుకోకుండా తేల్చే చేతి పరికరాలు ఉన్నాయి. వాటిలో చాలావరకు పనిచేసేది ఆ రామన్ ఫలితం మీదనే. ఈ కథలో ఇలాంటి ఎడం మళ్లీ మళ్లీ వస్తుంది. పని జరిగే రోజు ఒకటి, అక్కరకు వచ్చే రోజు ఇంకొకటి.

వాల్తేరు రోజులు

1932లో ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్సు లెక్చరరుగా చేరారు. అప్పటి వైస్ ఛాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. వాల్తేరు కొండ మీద డిపార్టుమెంటు ఇంకా తొలి అడుగుల్లో ఉంది. కలకత్తా నుంచి వచ్చిన కుర్ర లెక్చరరు అక్కడ రామన్ ఫలితం మీద పరిశోధన మొదలుపెట్టి, విద్యార్థులను తయారుచేసుకున్నారు. 28 ఏళ్లకే ప్రొఫెసరు, శాఖాధిపతి అయ్యారు. 1940లో కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం మీద ఆయన రాసిన పుస్తకాన్ని విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. 1941లో యూనివర్సిటీ కాలేజీల ప్రిన్సిపాల్ అయ్యారు.

అది యుద్ధ కాలం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. వాల్తేరు ప్రాంగణం సైన్యం చేతికి వెళ్లింది. విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు తరలిపోయింది. యుద్ధం వస్తే చదువులూ లాబొరేటరీలూ ఎలా చెల్లాచెదురు అవుతాయో ప్రిన్సిపాల్ కుర్చీలో ఉన్న మనిషికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

అన్ని ఇబ్బందుల్లోనూ పరిశోధన ఆగలేదు. మన చెవికి వినపడనంత హెచ్చు స్థాయి ధ్వని తరంగాలను స్ఫటికాల గుండా పంపి, ఆ స్ఫటికం ఎంత గట్టిది, ఎటు నొక్కితే ఎంత సాగుతుంది అని కొలిచే పద్ధతిని ఆయన, ఆయన శిష్యుడు భీమసేనాచార్ కలిసి రూపొందించారు. అదే పద్ధతిలో వజ్రం గట్టిదనాన్ని కొలిచి, 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించారు. తర్వాత 1948లో టి. వెంకటరాయుడుతో కలిసి, గణితంలోని గ్రూపు సిద్ధాంతాన్ని ఫిజిక్సుకు ఎలా వాడాలో చెప్పే పుస్తకం తెచ్చారు.

గ్రూపు సిద్ధాంతం అనగానే బెదిరిపోనక్కర్లేదు. నేవీలో సోనార్ మీద పనిచేసినవారికి, సిగ్నల్స్‌లో పాత వైర్‌లెస్ సెట్లు విప్పినవారికి దాని ఫలితం చేతికి తెలుసు. కొన్ని స్ఫటికాలను నొక్కితే కరెంటు పుడుతుంది. కరెంటు ఇస్తే అవి వణుకుతాయి. సెట్టులో ఫ్రీక్వెన్సీ జారిపోకుండా పట్టి ఉంచిన క్వార్ట్జు ముక్క, నీటిలో జలాంతర్గామి చప్పుడు పట్టే సోనార్ చెవి, రెండూ ఈ గుణం మీదనే నడుస్తాయి. స్ఫటికాల ఆకృతులు మొత్తం 32 తరగతులు. అందులో ఈ గుణం ఉండే వీలున్నవి 20 మాత్రమే. ప్రతి రాయినీ కొట్టి చూడకుండా, ఆకృతిని బట్టి కాగితం మీదనే ఈ లెక్క తేల్చేది గ్రూపు సిద్ధాంతం. భగవంతం గారి జీవితకాల పాండిత్యం అక్కడ ఉంది.

కుర్చీలు మారాయి

1948-49లో ఆయన లండన్‌లో మన దేశం తరఫున శాస్త్ర సంబంధాల అధికారిగా పనిచేశారు. పరిశోధకుడు పరిపాలకుడిగా మారడానికి అది మొదటి మెట్టు. తిరిగి వచ్చి 1949లో ఉస్మానియాలో ఫిజిక్సు ప్రొఫెసరుగా చేరారు. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసి అప్పటికి ఏడాది. విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారుతున్న సంధికాలం. 1952 నుంచి 1957 వరకు అక్కడే వైస్ ఛాన్సలర్. ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం ఏర్పడినప్పుడు ఉస్మానియాకు ఆయనే పెద్ద.

1957లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరు పదవి వచ్చింది. చిత్రమేమిటంటే ఆ సంస్థ పుట్టిందీ 1909లోనే, ఆయన పుట్టిందీ 1909లోనే. సంస్థకు స్వర్ణోత్సవం వచ్చే వేళకు యాభయ్యేళ్ల మనిషి దాని డైరెక్టరు. 1958లో ఆ సంస్థకు విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. బెంగుళూరులో ఉండటం వల్ల ఇంకో లాభం కలిగింది. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీ పక్కనే ఉంది. మన సొంత యుద్ధవిమానం హెచ్.ఎఫ్.-24 మారుత్ 1961 జూన్‌లో మొదటిసారి ఎగిరింది ఆ ఊరిలోనే. చదువు, ఫ్యాక్టరీ, సైన్యం మూడూ ఒకచోట కలిస్తే ఏం సాధించవచ్చో, ఎక్కడ చిక్కులొస్తాయో దగ్గరుండి చూసే వీలు అక్కడ దొరికింది.

ఢిల్లీ పిలుపు, ఆ వెంటనే యుద్ధం

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే, 1948లో, రక్షణ శాఖకు మొదటి శాస్త్ర సలహాదారుగా ప్రొఫెసర్ డి.ఎస్. కొఠారీ గారు వచ్చారు. ఆయన కాలంలోనే 1958లో డి.ఆర్.డి.ఓ. ఏర్పడింది. అప్పటికి చేతిలో ఉన్నవి సుమారు పది లాబొరేటరీలు. 1961లో కొఠారీ గారు యు.జి.సి. ఛైర్మన్‌గా వెళ్లగా, ఆ కుర్చీలోకి భగవంతం గారు వచ్చారు. రక్షణ మంత్రి వి.కె. కృష్ణ మీనన్.

కుర్చీ సర్దుకునే వ్యవధి కూడా లేదు. 1962 అక్టోబరు 20న చైనా దాడి మొదలైంది. నెల రోజుల్లో నేఫాలోనూ లదాఖ్‌లోనూ ఏం జరిగిందో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. మన జవాన్ల చేతుల్లో ఎక్కువగా ఉన్నవి బోల్టు లాగి కాల్చే పాత .303 రైఫిళ్లు. పధ్నాలుగు, పదిహేను వేల అడుగుల మంచులో చాలామందికి సరైన ఉన్ని బట్టలు లేవు, కాళ్లకు తగిన బూట్లు లేవు. కొండల మీదికి ఫిరంగి ఎక్కించే వీలు లేదు. ఇవన్నీ ఒక్క శాఖ పాపం కాదు, ఒక్క ఏడాది పాపమూ కాదు. అయినా రక్షణ మంత్రి పక్కన కూర్చున్న శాస్త్ర సలహాదారు వైపు వేలు చూపడం సులువు.

ఈ సందర్భంలో మన యూనిఫాం వాళ్లకూ లాబొరేటరీ వాళ్లకూ మధ్య ఎప్పటినుంచో ఉన్న పేచీని దాచకుండా చెప్పుకోవాలి. యూనిట్‌కు కావలసింది ఇవాళ కావాలి. ఇండెంటు పెట్టి ఎదురుచూసే జవానుకు పరిశోధన కబుర్లు కడుపు నింపవు. లాబొరేటరీకేమో కొత్త ఆయుధం గీత నుంచి యూజర్ ట్రయల్స్ దాటేదాకా పది, పదిహేనేళ్లు పడుతుంది. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరి మధ్యా నిలబడవలసినవాడు శాస్త్ర సలహాదారు. తక్షణం కొనవలసినవి ఏవి, మనమే చేసుకోగలిగినవి ఏవి, ఇప్పుడు చేతకాకపోయినా నేర్చుకోవడం మొదలుపెట్టి తీరవలసినవి ఏవి? ఈ మూడు లెక్కలూ విడివిడిగా వేసి మంత్రికి చెప్పాలి. ఎనిమిదేళ్లు భగవంతం గారు ఆ బరువు మోశారు. మీనన్ తర్వాత వై.బి. చవాన్, ఆయన తర్వాత స్వరణ్ సింగ్, ముగ్గురు మంత్రులు మారినా సలహాదారు మారలేదు.

యుద్ధం తర్వాత 1964-69కి మొదటి రక్షణ పంచవర్ష ప్రణాళిక వచ్చింది. సైన్యం బలం 8,25,000, వైమానిక దళానికి 45 స్క్వాడ్రన్లు, కొండల్లో పోరాడటానికి ప్రత్యేక డివిజన్లు దాని లక్ష్యం. అంతమందికి అవసరమైనవన్నీ బయట కొనే డబ్బు దేశం దగ్గర లేదు.

ఆ కాలంలో తెరుచుకున్న లాబొరేటరీల జాబితా చూస్తే ఆలోచన ఎటు నడిచిందో తెలుస్తుంది. 1961 చివర మైసూరులో సైనికుల ఆహారం మీద పరిశోధనకు ఒకటి. 1962లో లేహ్‌లో ఒకటి, ఆ మంచు ఎడారిలో కూరగాయలు పండించడం ఎలాగో తేల్చడానికి. అదే ఏడు తేజ్‌పూర్‌లో ఒకటి, ఢిల్లీలో సైనికుడి శరీర ధర్మాల మీద ఒకటి. చండీగఢ్‌లో పేలుడు, కవచాల పరీక్షకు ఒకటి పూర్తయి, 1968లో ప్రారంభమయింది. పూణే ఆయుధ పరిశోధకులు, ఇషాపూర్ ఫ్యాక్టరీ చేతులమీదుగా 7.62 సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ జవాన్ల చేతికొచ్చింది. విడదీసి కొండెక్కించగల 75/24 ఫిరంగి తయారయింది. ఎస్.ఎల్.ఆర్. భుజాన వేసుకుని సర్వీసంతా గడిపిన మన పెద్దలు ఎందరో ఉన్నారు.

హైదరాబాదు సంగతికొస్తే, డి.ఎల్.ఆర్.ఎల్. ఆ రోజుల్లోనే ఏర్పడింది. ఢిల్లీలో ఉన్న క్షిపణి బృందం డి.ఆర్.డి.ఎల్. పేరుతో 1962లో ఇక్కడికి వచ్చింది. ఇషాపూర్‌లో ఉన్న లోహ పరిశోధనశాల 1963లో తరలివచ్చింది. ఇదంతా ఒక్కరి ఘనత అనడం సబబు కాదు, మంత్రుల నిర్ణయాలున్నాయి, సేనాధికారుల శ్రమ ఉంది. కానీ ఈ సంస్థలు నేల మీద నిలదొక్కుకున్న కాలమంతా ఆయన హయాం.

నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు

చైనా యుద్ధం మరో లోటు బయటపెట్టింది. వైర్‌లెస్, రాడార్, కంప్యూటర్, అన్నిటికీ మనం పరాయి దేశాల మీదే ఆధారపడి ఉన్నాం. 1963 ఆగస్టులో ప్రభుత్వం హోమీ భాభా గారి అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేసింది. మిగతా సభ్యులు ముగ్గురే. విక్రమ్ సారాభాయి, భగవంతం గారు, అయ్యగారి సాంబశివరావు గారు. అంటే దేశపు ఎలక్ట్రానిక్స్ భవిష్యత్తు తేల్చిన నలుగురిలో ఇద్దరు మనవాళ్లు.

కమిటీ పని సాగుతుండగానే 1964 అక్టోబరులో చైనా అణుపరీక్ష చేసింది. 1965 సెప్టెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. అమెరికా, బ్రిటన్ ఆయుధాలు, విడిభాగాలు ఆపేశాయి. ఒక చిన్న వాల్వు రాకపోతే మొత్తం సెట్టే మూలపడుతుందని మన సిగ్నల్స్ వాళ్లకు అప్పుడు బాగా బోధపడింది. 1966 జనవరి 24న విమాన ప్రమాదంలో భాభా గారు చనిపోయారు. ఆ తర్వాత కొద్ది రోజులకే నివేదిక బయటికొచ్చింది. పదేళ్లలో ఎలక్ట్రానిక్స్‌లో చాలావరకు మన కాళ్ల మీద మనం నిలబడాలని దాని సారాంశం. మరుసటి ఏడు, 1967లో, సాంబశివరావు గారి సారథ్యంలో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. వెలిసింది.

నష్టాల పద్దు

జీవితచరిత్ర అంటే పొగడ్తే కాదు. నష్టాల పద్దు కూడా చూడాలి. డి.ఆర్.డి.ఎల్. చేపట్టిన మొదటి పెద్ద పని ట్యాంకులను కొట్టే చిన్న క్షిపణి. తీగ ద్వారా నడిపేది. 1960లలో ఏళ్ల తరబడి దాని మీద కష్టపడ్డారు. అయినా అది సైన్యంలోకి రాలేదు. సైన్యం ఫ్రాన్స్ వారి ఎస్.ఎస్.11 బి1 తీసుకుంది. 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్ మొదట తయారుచేసింది ఆ ఫ్రెంచి క్షిపణినే. లాబొరేటరీ వాళ్లకు అది చేదు మాత్ర. సైన్యం వైపు నుంచి చూస్తే తప్పు పట్టలేం. సరిహద్దులో ట్యాంకు ఎదురుగా ఉన్నవాడు ఇంకో పదేళ్లు ఆగమంటే ఆగడు.

మరి ఆ శ్రమ వృథాయేనా? ఆ పని మీద చేతులు కాల్చుకున్న ఇంజినీర్లు అక్కడే ఉన్నారు. 1972లో డెవిల్ పేరుతో మొదలైన క్షిపణి ప్రాజెక్టు కూడా సైన్యం చేతికి రాలేదు. కానీ అక్కడ నేర్చుకున్నది 1988 ఫిబ్రవరిలో ఎగిరిన పృథ్వికి పనికొచ్చింది. 1983లో మొదలైన కార్యక్రమంలో ట్యాంకు విధ్వంసక క్షిపణి నాగ్ మళ్లీ తలపెట్టారు. దాని చివరి యూజర్ ట్రయల్ పోఖ్రాన్‌లో పూర్తయింది 2020లో. తండ్రి నాటిన చెట్టు కాయలు మనవడు కోసినట్టయింది. ఇంత ఆలస్యం మంచిదని ఎవరూ అనరు. అయితే మొదటి విఫలయత్నం లేకుండా చివరి విజయం లేదన్నది కూడా నిజం.

పుస్తకం, విశ్రాంతి

ఈ ఒత్తిళ్ల నడుమ ఆయన తన చదువును వదల్లేదు. 1966లో, రెండు యుద్ధాలు చూసిన సలహాదారుగా ఉంటూనే, స్ఫటికాల సౌష్ఠవం మీద ఆయన పుస్తకం లండన్‌లో అచ్చయింది. వాల్తేరులో మొదలుపెట్టిన ఆలోచన ఢిల్లీ ఫైళ్ల మధ్య కూడా ఎండిపోలేదన్నమాట. మన దగ్గర పదవిలోకి వెళ్లిన శాస్త్రవేత్త తిరిగి పుస్తకం ముట్టడం అరుదు.

1969లో ఆయన పదవి నుంచి తప్పుకున్నారు. అదే ఏడు ఆగస్టులో విశాఖపట్నంలో నౌకాదళం కోసం ఎన్.ఎస్.టి.ఎల్. ఏర్పడింది. స్ఫటికాల గుండా ధ్వనిని పంపి ఆయన పరిశోధన చేసిన ఊరిలోనే, నీటి అడుగున ధ్వనిని వెంటాడే టార్పెడోల లాబొరేటరీ వచ్చింది. అక్కడ రూపుదిద్దుకున్న వరుణాస్త్ర 2016లో నౌకాదళానికి అందింది.

ఆ తర్వాత ఆయన బెంగుళూరులో స్థిరపడి, వర్ధమాన దేశాల్లో సైన్స్, టెక్నాలజీ ఎదుగుదలకు అంతర్జాతీయంగా ఏర్పడిన కమిటీకి అధ్యక్షత వహించారు. పుట్టపర్తి సత్యసాయి బాబా తెలుగు ప్రసంగాలను సభల్లో ఇంగ్లీషులోకి అనువదించిన వ్యక్తిగా కూడా చాలామంది ఆయన్ను గుర్తుపెట్టుకున్నారు.

1989 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు. అప్పటికి పృథ్వి ఎగిరి ఏడాది అయింది. అగ్ని ఎగిరింది అదే ఏడు మే 22న. మూడు నెలల తేడాతో ఆ వార్త వినలేకపోయారు.

కంచన్‌బాగ్ గేటు ముందు నుంచి ఈసారి వెళ్లేటప్పుడు మన పిల్లలకు రెండు పేర్లు చెబుదాం. కలాం గారి పేరు ఎలాగూ చెబుతాం. దానితోపాటు ఆగిరిపల్లి ప్రొఫెసరు గారి పేరు కూడా చెబుదాం. ఇవాళ మన చేతికి రావలసిన పరికరం ఆలస్యమైందని లాబొరేటరీ మీద విసుక్కునేటప్పుడు కూడా ఆయన్ను ఒక్కసారి తలుచుకుందాం. విసుక్కోవడం మన హక్కే. కానీ ఆ గోడల వెనక ఇవాళ ఎవరో మొదలుపెట్టిన పని, మనం రిటైరైన తర్వాత ఎప్పుడో, మన తర్వాతి బ్యాచ్ కుర్రవాడి ప్రాణం కాపాడుతుంది.

ఆచార్య సూరి భగవంతం గారికి మన సంఘం తరఫున వినమ్ర నివాళి.